ఊపిరితిత్తి మొత్తం తీసెయ్యాలి అంటే ఒక్క మాట అడగండి

ఎడిటర్ గారికి నమస్కారం.

పోయిన ఆదివారం మీ పేపర్లో ఆరోగ్యం పేజీలో ఊపిరితిత్తుల క్యాన్సర్ గురించి వేశారు కదండీ, మొత్తం చదివాను. సిగరెట్లు బీడీలు మానమని గట్టిగా రాశారు, చాలా మంచిది. కానీ ఆపరేషన్ దగ్గరికొచ్చేసరికి "క్యాన్సర్ సోకిన ఊపిరితిత్తిని తొలగిస్తారు" అని ఒక్క లైను రాసి వదిలేశారు. ఈ ఉత్తరం ఆ ఒక్క లైను గురించేనండి, ఎందుకంటే అదే మాట విని మా అన్నయ్య ఆపరేషనే వద్దని ఇంటికొచ్చేసి మంచం ఎక్కాడు, ఇంకో మూడు వారాలు అలాగే ఉండుంటే ఈరోజు ఈ ఉత్తరం రాసేదాన్ని కాదు.

మాది ఒంగోలు దగ్గర పల్లెటూరండి, పొగాకు ఊరు. మా అన్నయ్య చిన్నప్పట్నుంచి బ్యారన్ల దగ్గరే, అంటే పచ్చి పొగాకుని వేడితో ఆరబెట్టే గదుల దగ్గరే పని, పొగాకు కాల్చే సీజన్లో రాత్రంతా మంట దగ్గరే కూర్చునేవాడు, నిద్ర రాకుండా బీడీ మీద బీడీ. యాభై ఐదు దాటాక దగ్గు మొదలైంది. అందరికీ ఉండేదే అనుకున్నాం. ఒకరోజు పొద్దున్నే దంతధావనం చేస్తూ కళ్ళె ఉమ్మితే దాంట్లో సన్నగా నెత్తుటి చార కనిపించింది, వదిన చూసి భయపడి నాకు ఫోన్ చేసింది. ఒక ప్రైవేటు డాక్టర్ దగ్గరికి తీసుకెళ్తే ఎక్స్‌రే తీశారు, కుడివైపు పైన మచ్చ ఉంది, టీబీ అన్నారు, మందులు రాశారు. కళ్ళె పరీక్ష చెయ్యలేదు. నేను స్కూల్ టీచర్ని అయ్యుండి కూడా అడగలేదండి, అది నాకు ఇప్పటికీ మనసులో ఉంది. ఐదు నెలలు ఆ టీబీ మాత్రలు మింగాడు. ఒంటేలు ఎర్రగా పోతుంటే మందు పనిచేస్తోంది అనుకున్నాం. దగ్గు తగ్గలేదు, మనిషి చిక్కిపోయాడు. ఐదో నెల్లో మళ్ళీ నెత్తురు పడితే అప్పుడు ఒంగోల్లో సీటీ స్కాన్ తీయించాం, ఆ తర్వాత గొంతులోంచి సన్న గొట్టం పంపి చూసే బ్రాంకోస్కోపీ చేశారు, అప్పుడు బయటపడింది. కుడి ఊపిరితిత్తి పై భాగానికి గాలి వెళ్ళే గొట్టం ఉంటుందే, సరిగ్గా దాని మూతి దగ్గర గడ్డ.

ఇక్కడ ఒక మాట చెప్పాలండి. మన దగ్గర ఇది మా ఒక్కళ్ళ ఇంట్లో జరిగిన కథ కాదు. ఆస్పత్రి వరండాలో పక్కన కూర్చున్నవాళ్ళని ఎవర్ని పలకరించినా ముందు టీబీ మందులు వాడాం అనే చెప్పారు. టీబీ మన దేశంలో అంత ఎక్కువ కాబట్టి డాక్టర్లకి ముందు అదే తట్టుతుంది, ఆ దగ్గూ ఆ నెత్తురూ ఆ మచ్చా రెండిటికీ ఒకేలాగుంటాయి. కానీ గవర్నమెంట్ ఆస్పత్రిలో కళ్ళె ఇస్తే సీబీనాట్, ట్రూనాట్ అని పరీక్ష ఉచితంగా చేస్తారు, టీబీ పురుగు ఉందో లేదో చాలావరకు తేలిపోతుంది, మందులు మొదలుపెట్టేముందే అది అడగండి. పురుగు కనపడకపోతే, లేదా మందులు రెండు నెలలు వాడినా మచ్చ తగ్గకపోతే వెంటనే సీటీ స్కాన్ అడగాలి. మేము పోగొట్టుకున్న ఆ ఐదు నెలల్లో గడ్డ ఎంత పెరిగిందో దేవుడికే తెలియాలి.

సరే. మొదట చూపించిన పెద్దాస్పత్రిలో (పేరు రాయను, వాళ్ళు మోసం చేశారని నేను అనడం లేదు) కుడి ఊపిరితిత్తి మొత్తం తీసెయ్యాలి అన్నారు. కుడిది ఎడమదానికన్నా పెద్దది, దానికి మూడు లోబ్‌లు, అంటే మూడు భాగాలు, ఎడమదానికి రెండే, గుండెకి చోటు ఇవ్వాలి కాబట్టి. అంటే సగానికన్నా కొంచెం ఎక్కువే పోతుందన్నమాట. పైగా కుడిది మొత్తం తీసే ఆపరేషన్ ఎడమదానికన్నా ప్రమాదం ఎక్కువంట. మా అన్నయ్యకి బీడీల వల్ల ఊదే పరీక్షలో నంబర్లు అసలే తక్కువ వచ్చాయి. బతికినా ఆయాసం ఉంటుంది, పొలం పని మెట్లెక్కడం లాంటివి కష్టం అన్నారు. అన్నయ్య ఒక్క మాట మాట్లాడలేదు. బస్సులో కిటికీ పక్కన కూర్చుని ఒంగోలు దాకా బయటికే చూశాడు. ఇంటికొచ్చాక అన్నాడు, "సగం గాలితో బతకడం నావల్ల కాదమ్మా, కత్తి పెడితే పాకుద్ది కూడా అంటారు, వద్దులే" అని. కత్తి పెడితే పాకుతుంది అనే మాట ఎవరు పుట్టించారో గానీ మన ఊళ్ళల్లో ఎంతమందిని పొట్టన పెట్టుకుందో. ఆస్పత్రికి ఆలస్యంగా వస్తారు, అప్పటికే లోపల పాకి ఉంటుంది, ఆపరేషన్ అయ్యాక బయటపడుతుంది, తప్పు కత్తిమీద పడుతుంది.

మా మేనకోడలు ఎంబీబీఎస్ చదువుతోంది, రిపోర్టులన్నీ ఫోన్లో పెట్టించుకుని వాళ్ళ సీనియర్లని అడిగి, అత్తా ఇంకో చోట చూపిద్దాం, ఊపిరితిత్తి కాపాడే ఆపరేషన్ ఉంది, అందరికీ కుదరదు కానీ అడిగితే తప్పులేదు అంది. అన్నయ్యని బతిమాలి హైదరాబాద్ తీసుకెళ్ళాం. అక్కడ ఛాతీ ఆపరేషన్లే చేసే సర్జన్ రిపోర్టు చదివి ఊరుకోలేదండి, మళ్ళీ బ్రాంకోస్కోపీ తనే చేసుకుని చూశారు. చూసి బయటికొచ్చి మందుల చీటీ వెనకాల బొమ్మ గీశారు. తలకిందులు చేసిన చెట్టులాగా, కాండం కిందకి దిగి రెండు కొమ్మలు, కుడి కొమ్మలోంచి పైకి ఒక చిన్న కొమ్మ. గడ్డ ఈ చిన్న కొమ్మ మూతి దగ్గర ఉంది, పై భాగం ఒక్కటే తీస్తే మూతి దగ్గర గడ్డ మిగిలిపోతుంది, అందుకే మొత్తం తియ్యాలన్నారు, అది తప్పు కాదు, కానీ ఇంకో దారి ఉంది, పై భాగంతో పాటు పెద్ద గొట్టంలో ఆ మూతి ఉన్న ముక్కని కూడా ఉంగరంలాగా కోసేసి, పైన మిగిలిన కొసని కింద మిగిలిన కొసని కలిపి కుడతాం, కింది రెండు భాగాలూ మిగులుతాయి అన్నారు. స్లీవ్ లోబెక్టమీ అంటారంట, చొక్కా చెయ్యి మధ్యలో ముక్క కత్తిరించి రెండు కొసలూ కలిపి కుట్టినట్టు.

మాకందరికీ సగం అర్థమై సగం అర్థం కాక నిలబడితే అన్నయ్య ఆ చీటీ చేతిలోకి తీసుకుని చూసి, "బ్యారన్లో గొట్టం వంపు దగ్గర తుప్పట్టి చిల్లు పడితే గొట్టమంతా పారెయ్యం గదా సార్, ఆ ముక్క కోసి రెండు కొసలూ కలుపుతాం, అదేగా" అన్నాడు. డాక్టర్ గారు అదే అదే అన్నారు. అతుకు దగ్గర పొగ కారుద్ది సార్ ఒక్కోసారి, అన్నాడు అన్నయ్య. ఇక్కడా గాలి కారే ప్రమాదం ఉంది, అందుకే పది రోజులు కనిపెట్టుకుని చూస్తాం అన్నారాయన. మూడు వారాల తర్వాత మా అన్నయ్య మొహంలో ప్రాణం కనపడింది ఆ రోజే.

కానీ అంత తేలిగ్గా కత్తి పట్టలేదండి. పెట్ స్కాన్ తీశారు, ఇంకెక్కడైనా ఉందేమో అని. ఛాతీ మధ్యలో ఉండే గ్రంథుల్లోకి సూదితో పొడిచి తీసి చూశారు, అక్కడికి పాకి ఉంటే ముందు ఆపరేషన్ చెయ్యరంట, మందులతో మొదలుపెడతారంట. మెదడుకి ఎంఆర్ఐ. మెట్లు ఎక్కించి చూశారు. బీడీ నాలుగు వారాలు పూర్తిగా మానితేనే డేటు ఇస్తాం అన్నారు, మానాడు. మూడు బంతులుండే ప్లాస్టిక్ డబ్బా ఇచ్చారు, గొట్టంలోంచి గాలి గట్టిగా లోపలికి పీలిస్తే బంతులు లేస్తాయి, మొదట్లో ఒక్క బంతే లేచేది, నాలుగో వారానికి రెండు లేచి మూడోది ఊగేది.

ఆపరేషన్ రోజు సంతకం పెట్టించుకునేటప్పుడు రెండిటికీ పెట్టించుకున్నారు, స్లీవ్‌కీ, కుదరకపోతే ఊపిరితిత్తి మొత్తం తియ్యడానికీ. ఎందుకంటే కోసిన అంచు ముక్కని ఆపరేషన్ మధ్యలోనే ల్యాబ్‌కి పంపుతారు, ఫ్రోజెన్ అంటారు, అంచులో క్యాన్సర్ కణాలు ఉన్నాయంటే ఇంకొంచెం కోస్తారు, ఇక కోసే చోటు లేకపోతే మొత్తం తీసెయ్యక తప్పదు. ఆ అరగంట థియేటర్ బయట వదినా నేనూ ఒకళ్ళ చెయ్యి ఒకళ్ళు పట్టుకుని కూర్చున్నాం. తర్వాత నర్సమ్మ తలుపు సందులోంచి అంచు క్లియర్ అంటమ్మా అని చెప్పి వెళ్ళిపోయింది. ఆ అమ్మాయి పేరు కూడా తెలియదు, చల్లగా ఉండాలి.

తర్వాత రోజులు చెప్పాలంటే, ఛాతీ పక్కనుంచి లోపలికి గొట్టం పెట్టి దాన్ని నీళ్ళున్న సీసాలో పెడతారండి, దగ్గినప్పుడల్లా ఆ నీళ్ళల్లో బుడగలు వస్తాయి, అంటే లోపల ఎక్కడో గాలి కారుతోందని. అన్నయ్య పొద్దున్న లేవగానే ఆ సీసావైపే చూసేవాడు, చెల్లీ ఇవాళ నాలుగే వచ్చినయ్, ఇవాళ ఒకటే అని లెక్క చెప్పేవాడు. నొప్పికి దగ్గలేకపోతే దిండు ఛాతీకి అదిమిపెట్టి దగ్గమన్నారు, దగ్గకపోతే కళ్ళె లోపలే ఉండి న్యుమోనియా వస్తుందంట. ఆరో రోజు బుడగలు ఆగాయి, గొట్టం తీశారు. ఏడో రోజు మళ్ళీ బ్రాంకోస్కోపీ చేసి అతుకు చూసుకున్నారు, బాగానే మానుతోంది అన్నారు. పదో రోజు ఇంటికి పంపారు. రిపోర్టులో తీసేసిన భాగంలోనే ఉన్న ఒక గ్రంథిలో క్యాన్సర్ వచ్చింది, అందుకని నాలుగు కీమోలు ఇచ్చారు. రెండేళ్ళు దాటింది. ఆరు నెలలకోసారి స్కాన్‌కి వెళ్తున్నాం. బ్యారన్ పని మాన్పించాం, గేదెల్ని తోలుకుని చెరువు గట్టు దాకా నడిచి వస్తాడు, గట్టు ఎక్కేటప్పుడు మాత్రం ఒకసారి ఆగుతాడు.

కీమో ఎక్కేటప్పుడు గంటలు గంటలు కూర్చోవాలి కదా, అప్పుడు మా మేనకోడలు దీని వెనకాల ఉన్న చరిత్రంతా చదివి చెప్పేది. 1933లో అమెరికాలో సెయింట్ లూయిస్‌లో ఎవార్ట్స్ గ్రాహం అనే సర్జన్ క్యాన్సర్ వచ్చిన ఊపిరితిత్తిని మొదటిసారి ఒకేసారిగా మొత్తం తీసి మనిషిని బతికించాడంట, ఆ పేషెంట్ కూడా డాక్టరే, ఒక్క ఊపిరితిత్తితో ఇంకో ముప్పై ఏళ్ళు బతికాడు. కాబట్టి మొత్తం తియ్యక తప్పనివాళ్ళు కూడా భయపడొద్దండి, బతుకు అక్కడితో ఆగిపోదు. అదే గ్రాహం 1950లో విండర్ అనే మెడికల్ స్టూడెంట్‌తో కలిసి సిగరెట్లకీ ఈ క్యాన్సర్‌కీ ఉన్న సంబంధం లెక్కలతో చూపించాడు. తనూ చాలా ఏళ్ళు సిగరెట్లు కాల్చినవాడే, మానేశాడు, కానీ 1957లో ఇదే క్యాన్సర్‌తో పోయాడు. ఆయన ఆపరేషన్ చేసిన పేషెంట్ ఆయన పోయాక కూడా ఉన్నాడు. అది విన్నప్పుడు అన్నయ్య చాలాసేపు కళ్ళు మూసుకుని పడుకున్నాడు.

ఈ గొట్టం కోసి అతికే పద్ధతి 1947లో లండన్‌లో క్లెమెంట్ ప్రైస్ థామస్ అనే ఆయన మొదలుపెట్టాడు, వైమానిక దళంలో ట్రైనింగ్‌లో ఉన్న కుర్రాడికి, ఊపిరితిత్తి మొత్తం పోకుండా. క్యాన్సర్‌కి దీన్ని 1952లో ఆలిసన్ అనే సర్జన్ చేశాడు. అంటే డెబ్బై ఏళ్ళు దాటిన సంగతి, నిన్నా మొన్నా వచ్చిన ప్రయోగం కాదు. ఆ ప్రైస్ థామసే 1951లో బ్రిటన్ రాజు ఆరో జార్జికి బకింగ్‌హాం ప్యాలెస్‌లో ఆపరేషన్ చేశాడు, కాపాడే పద్ధతి కనిపెట్టిన చేత్తోనే రాజుగారి ఎడమ ఊపిరితిత్తి మొత్తం తియ్యాల్సి వచ్చింది. అందరికీ కుదరదు అనడానికి ఇంతకన్నా ఏం కావాలి. రాజుగారికి అది క్యాన్సర్ అని కూడా చెప్పలేదంట. మేమూ అన్నయ్యకి మొదటి నెల చెప్పలేదు, గడ్డ అన్నాం. అది తప్పని తర్వాత తెలిసింది, క్యాన్సరని తెలిశాకే అన్నయ్య గట్టిపడ్డాడు, బీడీ మానింది కూడా తెలిశాకే.

ఇంకొకటి ఉందండి, చిన్న గడ్డలవాళ్ళకి ఇది ఇంకా ముఖ్యం. ఒక్కో లోబ్‌లో మళ్ళీ చిన్న చిన్న భాగాలుంటాయి, సెగ్మెంట్లు అంటారు, కుడివైపు మొత్తం పది. గడ్డ 2 సెంటీమీటర్ల లోపు ఉండి అంచువైపు ఉంటే లోబ్ మొత్తం తియ్యకుండా ఆ సెగ్మెంటు ఒక్కటే తియ్యొచ్చు. ఇది చాలా ఏళ్ళు డాక్టర్లు ఒప్పుకోలేదు, ఎందుకంటే 1995లో అమెరికాలో వచ్చిన స్టడీలో కొంచెమే కోసినవాళ్ళకి క్యాన్సర్ అదే చోట తిరగబెట్టడం మూడింతలు కనిపించింది. కానీ దాంట్లో 3 సెంటీమీటర్ల గడ్డలవాళ్ళు కూడా ఉన్నారు, స్కాన్లు కూడా ఇప్పటంత మంచివి కావు. ఆ తర్వాత జపాన్‌లో 1106 మందిని రెండు గుంపులు చేసి, ఒక గుంపుకి సెగ్మెంటు, ఇంకో గుంపుకి లోబ్ తీసి చూస్తే, 2022లో ఫలితం వచ్చింది, ఐదేళ్ళకి సెగ్మెంటు తీసినవాళ్ళల్లో నూటికి 94.3 మంది, లోబ్ తీసినవాళ్ళల్లో 91.1 మంది బతికున్నారు. తక్కువ కోసినవాళ్ళే కొంచెం ఎక్కువమంది బతికారన్నమాట. మరి తిరగబెట్టడం అంటే అది దాచకూడదు, అదే చోట మళ్ళీ రావడం 10.5 శాతం, లోబ్ తీసినవాళ్ళలో 5.4. ఎక్కువే. అయినా బతికినవాళ్ళు తగ్గలేదు, ఎందుకంటే మిగిలిన ఊపిరితిత్తి తర్వాత వచ్చే జబ్బుల్ని తట్టుకోడానికీ ఇంకో వైద్యం చేయించుకోడానికీ పనికొస్తుంది అని చెబుతున్నారు. 2023లో అమెరికాలో 697 మంది మీద వచ్చిన స్టడీలో కూడా రెండువైపులా దాదాపు సమానం, ఐదేళ్ళకి తక్కువ కోసినవాళ్ళల్లో నూటికి 80.3 మంది, లోబ్ తీసినవాళ్ళల్లో 78.9 మంది బతికున్నారు.

అయితే 2 సెంటీమీటర్ల గడ్డ అంటే శనగకాయ అంతుంటుందండి, దగ్గూ రాదు నెత్తురూ పడదు, ఎక్స్‌రేలో ఒక్కోసారి అసలు కనపడదు. సీటీ స్కాన్‌లోనే దొరుకుతుంది. ఎక్కువ ఏళ్ళు సిగరెట్లు తాగినవాళ్ళకి తక్కువ రేడియేషన్ సీటీ ఏడాదికోసారి తీస్తే ఈ క్యాన్సర్ చావులు 20 శాతం తగ్గాయని 2011లోనే అమెరికాలో యాభై వేల మంది పైన పెట్టిన పెద్ద స్టడీలో తేలింది. మన దగ్గర ఆ మాట ఎవరికి తెలుసండి? పొగాకు వేలం కేంద్రాల దగ్గర, బ్యారన్ల దగ్గర, బస్టాండ్ల దగ్గర ముప్పై ఏళ్ళుగా బీడీ కాల్చేవాళ్ళు వందలమంది ఉన్నారు, ఒక్కళ్ళకన్నా ఆ స్కాన్ గురించి ఎవరైనా చెప్పారా? మచ్చ అరచెయ్యంత అయ్యాక వస్తాం, అప్పుడు కాపాడడానికి ఏం మిగులుతుంది.

నేను డాక్టర్లని తిట్టడానికి రాయడం లేదు. గడ్డ పెద్ద రక్తనాళాన్ని పట్టేస్తే, లోబ్‌లన్నిటి మధ్యకీ పాకితే మొత్తం తియ్యాల్సిందే. గొట్టం కోసి కుట్టి అతికే ఆపరేషన్ చేతకావాలి కూడా, రోజూ అదే పని చేసే సర్జన్ కావాలి, జిల్లా ఆస్పత్రుల్లో అలాంటివాళ్ళు దొరకడం కష్టం, మేము ఒంగోలు నుంచి హైదరాబాద్ తిరిగాం కదా. అలా తిరగలేనివాళ్ళ సంగతేంటి? మాకు అరెకరం తాకట్టు పెట్టే ఆధారం ఉంది, అది కూడా లేనివాళ్ళు ఉన్నారు. హైదరాబాద్‌లో ఎంఎన్‌జే, నిమ్స్, విశాఖలో హోమీ భాభా క్యాన్సర్ ఆస్పత్రి ఉన్నాయి, ఏ ఆపరేషన్ ఎక్కడ చేస్తారు, ఆరోగ్యశ్రీ లాంటి కార్డు మీద ఏది వస్తుంది ఏది రాదు అని మీ రిపోర్టర్లు వెళ్ళి కనుక్కుని ఒక పేజీ వేస్తే ఎంతమందికి దారి చూపించినవాళ్ళవుతారో. మాకు ఆ పేజీ దొరకలేదండి, ఆరు చోట్ల ఫోన్లు చేసి తెలుసుకున్నాం.

మొత్తం తీసెయ్యాలి అని ఎవరన్నా చెబితే, సార్ స్లీవ్ చెయ్యడానికి కుదురుతుందా, కుదరకపోతే ఎందుకు కుదరదు, అని అడగండి. కోపం తెచ్చుకోని డాక్టరైతే బొమ్మ గీసి చెబుతారు. చెప్పకపోతే ఆ స్కాన్ సీడీ, గడ్డ ముక్క పరీక్ష రిపోర్టు తీసుకుని ఛాతీ సర్జన్ ఉన్న ఇంకో చోట చూపించండి, ఒక వారం పది రోజులు పడుతుంది, ఆ వారంలో కొంప మునగదు, కానీ మాలాగా ఇంటికొచ్చి మంచమెక్కి మూడు వారాలు కూర్చోకండి.

ఉత్తరం చాలా పెద్దదైపోయింది, మొత్తం వెయ్యడానికి చోటు ఉండదని తెలుసు. తగ్గించి వేసినా పర్లేదండి, కానీ రెండు ముక్కలు మాత్రం తీసెయ్యొద్దు, కళ్ళె పరీక్ష లేకుండా టీబీ మందులు మొదలుపెట్టొద్దని అడగమన్న ముక్క, ఊపిరితిత్తి కాపాడడం కుదురుతుందా అని అడగమన్న ముక్క. మా ఊళ్ళో టీ కొట్టు దగ్గర మీ పేపర్ ఒకటే వస్తుంది, పొద్దున్న ఎనిమిదింటిలోపు ఇరవై మంది చేతులు మారుతుంది, ఆ ఇరవై మందిలో పదిహేను మంది చేతిలో బీడీ ఉంటుంది. ఆరోగ్యం పేజీలోనే, అదే చోట వెయ్యండి, వాళ్ళు ఆటల పేజీ తర్వాత చూసేది దాన్నే.

ఇట్లు
ఒక స్కూల్ టీచర్,
ఒంగోలు దగ్గర పల్లె, ప్రకాశం జిల్లా